నువ్వు కూర్చోమ్మా

పోయినేడాది రొట్టెల పండక్కి అమ్మను స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. మోకాళ్లు నొప్పులు కదా, నీళ్లలోకి దిగొద్దన్నాను. వినలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెట్ల మీదుగా మోకాలి లోతు దాకా దిగింది. చుట్టూ కేకలు. "ఉద్యోగం రొట్టె ఎవరికి?" "సంతానం రొట్టె, సంతానం రొట్టె!" "ఇల్లు రొట్టె ఉందా అక్కా?" నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే పండగ ఇది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు చెరువు నీళ్లలో నిలబడి ఇస్తారు. అందుకున్నవాళ్లు తమ కోరిక తీరాక వచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఆ నీళ్లలో ఉండదు.

నా ఈడు ఉన్న ఒకామె అమ్మ వైపు తిరిగి "మీకే రొట్టె కావాలి పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి నా మొహం చూసింది. "ఆరోగ్యం రొట్టె తీసుకోమ్మా" అన్నాను. తీసుకుంది, తింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అంది: "చదువుకి ఉండాది, ఉద్యోగానికి ఉండాది, పెళ్లికి, బిడ్డలకి, ఇంటికి ఉండాది. నా వయసుకొచ్చేతలికి మాత్రం జబ్బు రాకుండా పడుంటే చాలంట."

నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు కూడా. కానీ ఆ మాట పట్టుకుని చాలా రోజులు ఆలోచించాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే.

నేను గవర్నమెంటు బడిలో టీచర్ని. డీఎస్సీకి చదివినప్పుడు మనిషి వికాస దశలన్నీ బట్టీ పట్టినదాన్ని. పియాజె అనే మనస్తత్వవేత్త చెప్పిన దశలు అమూర్త ప్రచాలక దశతో, అంటే కౌమారంతో ఆగిపోతాయి. ఎరిక్సన్ అనే ఇంకో మనస్తత్వవేత్త 1950లో రాసిన ఎనిమిది దశలు మాత్రం ఉయ్యాల నుంచి ముసలితనం దాకా వస్తాయి. ప్రతి దశలోనూ మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాలి అంటాడాయన. పసిబిడ్డ లోకాన్ని నమ్మాలా వద్దా అని, బడి ఈడు పిల్ల నేను పనికొస్తానా లేదా అని, నడివయసు మనిషి నా తర్వాతి వాళ్లకు నేనేం ఇస్తున్నాను అని. పరీక్షలో ఇవన్నీ ఒక మార్కు బిట్లు. నాకు మార్కులు వచ్చాయి. ఇంట్లో మాత్రం ఆ దశలన్నిటికీ అడ్డం పడ్డాను. అది తెలియడానికి 20 ఏళ్లు పైనే పట్టింది.

మన సామెతలు కూడా నన్ను తప్పుదారి పట్టించాయి. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అంటాం. తరగతిలో నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఎదగడం చిన్నప్పుడే అయిపోతుంది, ఆ తర్వాత అరగడమే అన్నది ఆ మాటల వెనక ఉన్న నమ్మకం. అది అబద్ధమని రుజువు చేసిన జిల్లా మనది. అందుకే ఈ సంగతి ముందు చెప్పాలి.

మాది కలిగిరి మండలం. పొగాకు పండే మెట్ట. 1990ల మొదట్లో జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊరూరా రాత్రి బడులు పెట్టారు. అమ్మకు అప్పుడు 35 ఏళ్లు. పగలంతా ఆకు పని చేసి, వేళ్లకు పొగాకు జిగురు పోకముందే పలక తీసుకుని రామాలయం అరుగు మీదికి వచ్చేది. నేను లాంతరు పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. పాఠం చెప్పేది మా వీధిలో ఇంటర్ తప్పిన అబ్బాయి. వాణ్ని చంకనెత్తుకుని తిప్పిన అమ్మ, వాడి ముందు కూర్చుని "అత్తా, ఇది అ కాదు, ఆ" అనిపించుకునేది. సిగ్గుపడేది. అయినా మర్నాడు వెళ్లేది.

ఆ చదువు పుస్తకంలో ఒక కథ ఉండేది. తాగుబోతు మొగుళ్లతో వేగలేక ఊరి ఆడవాళ్లు ఒక్కటై సారా అంగడి మూయించిన కథ. మా మండలంలోనే ఉన్న దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. మనూళ్లో ఎందుకు మూయించకూడదు అనుకున్నారు. మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా అంటుకుంది, తర్వాత రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారాను నిషేధించాల్సి వచ్చింది. 1995లో మద్యం మొత్తాన్ని నిషేధించి, 1997లో సడలించారు. ఆ రాజకీయం వేరే కథ.

మా అమ్మ నాయకురాలేం కాలేదు. రెండుసార్లు సారా అంగడి ముందు కూర్చోవడానికి వెళ్లింది. మా నాయన తాగడం మానలేదు. కానీ తాగి వచ్చి ఇంట్లో కేకలేయడం మానేశాడు. ఎందుకంటే ఎదురుగా ఉన్న మనిషి మారింది. అంతకుముందు అమ్మ ఏడ్చేది. ఆ తర్వాత ఏడవలేదు, "రేపు నలుగుర్ని పిలుస్తా" అనేది. 35 ఏళ్ల మనిషిలో వచ్చిన మార్పును నేను లాంతరు పట్టుకుని కళ్లారా చూశాను. అక్షరాల వల్లే ఇది జరిగిందంటే నేను ఒప్పుకోను. అక్షరాలు దారి వేశాయి, నిజమే. కానీ వాళ్ల జీవితంలో మొదటిసారి ఎవరో "ఈ ఊరికి ఏం చేస్తే బాగుంటుందో మీరు చెప్పండి" అని అడిగారు. నిర్ణయం వాళ్ల చేతిలో పెట్టారు. నేను చెప్పదల్చుకున్న విషయం ఇదొక్కటే. మనిషి ఎదిగేది వయసు వచ్చినందువల్ల కాదు. తప్పు చేస్తే నష్టం వచ్చే పనిని ఎవరో నమ్మి చేతికిచ్చినప్పుడు. ఇది అయిదేళ్ల పిల్లకూ అంతే, డెబ్భై ఏళ్ల ముసలమ్మకూ అంతే.

2022లో మోకాళ్లు బాగా ఇబ్బంది పెడుతుంటే అమ్మను ఊరి నుంచి తెచ్చి బాలాజీనగర్‌లో మా ఇంట్లో పెట్టుకున్నాను. షుగర్ కూడా ఉంది. ప్రేమతోనే తెచ్చాను. ప్రేమతోనే ఒక్కో పనీ ఆమె చేతిలోంచి తీసేశాను. కూరగాయల బండి వస్తే నేనే వెళ్లేదాన్ని. ఆమె కత్తిపీట ముందు కూర్చుంటే "నువ్వు కూర్చోమ్మా, నేను తరుగుతా" అనేదాన్ని. చీపురు పట్టుకుంటే లాక్కునేదాన్ని. మందుల డబ్బా నా దగ్గరే, పింఛను డబ్బులు నా దగ్గరే. ఊళ్లో ఉన్న మూడెకరాలను మా తమ్ముడు కౌలుకిచ్చేశాడు. ఎవరికిచ్చాడో, ఎంతకిచ్చాడో అమ్మకు చెప్పాలని మాకిద్దరికీ తోచలేదు. టెన్షన్ ఎందుకు పెట్టడం అనుకున్నాం.

ఆరు నెలల్లో అమ్మ ప్రశ్నలు అడగడం మానేసింది. టీవీ ముందు కూర్చునేది గానీ చూసేది కాదు. మాట కూడా తడబడేది. వయసు వల్ల అనుకున్నాను. ఒకరోజు అన్నం పళ్లెం చేతికిస్తుంటే అంది: "గొడ్డుకి మేతేసినట్టు యేళకి పెడతన్నావులే. గొడ్డయినా పొద్దస్తమానం పని జేసి తింటదే." కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ రోజుల్లోనే ఒక ట్రైనింగులో విన్న సంగతి గుర్తొచ్చి వెతికి చదివాను. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం అది. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకు, మీ గది ఎలా సర్దుకోవాలో, ఏ రోజు సినిమా చూడాలో మీరే తేల్చుకోండి, ఈ మొక్కను మీరే పెంచుకోండి అని చెప్పారు. ఇంకో అంతస్తు వాళ్లకూ మొక్కలు ఇచ్చారు, కానీ నర్సులే నీళ్లు పోస్తారు, మీ బాగోగులు మేం చూసుకుంటాం అన్నారు. మూడు వారాల తర్వాత చూస్తే మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా, చురుగ్గా ఉన్నారు. రెండోవాళ్లలో చాలామంది ఇంకా నీరసపడ్డారు. ఆ రెండో అంతస్తు నర్సుల మాట చదువుతుంటే నా గొంతే వినిపించింది. నువ్వు కూర్చోమ్మా.

వెంటనే నర్సరీకి వెళ్లి నాలుగు కుండీలు తెచ్చాను. బంతి, తులసి, ఒక మల్లె, ఒక నిమ్మ. బాల్కనీలో పెట్టి "ఇవి నీవే, నువ్వే చూసుకోవాలి" అన్నాను. అమ్మ కుండీల వైపు చూసి నా వైపు చూసింది. "ఆటలాడుకోను ఇచ్చావా? మూడెకరాల సేద్యం చేసిన దాన్ని నేను. పొలం ఎవురికి కౌలుకిస్తన్నారో నన్నెందుకడగలా మీరు?"

నాకు సిగ్గేసింది. మొక్కకు నీళ్లు పోయడం ఒక్కటే ఆమెకు పని అవుతుందని ఎలా అనుకున్నాను? అమెరికాలో గదికే పరిమితమైనవాళ్లకు మొక్క పెద్దదే కావచ్చు. నాయన పోయాక పదేళ్లు ఒంటరిగా పొగాకు పండించి, వేలం కేంద్రంలో బేళ్లు నోబిడ్ అయితే, అంటే ఎవరూ పాట పాడకపోతే, బయ్యర్లతో వాదించి వచ్చిన మనిషికి అది చిన్నపిల్లల ఆటే. కాలక్షేపానికి పని ఇవ్వడం వేరు, నమ్మి పని ఇవ్వడం వేరు. పెద్దవాళ్లకు ఈ తేడా ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

ఇంకో మాట. ముసలితనం అంటే బుర్ర మొద్దుబారడం అనుకుంటాం. కె. వార్నర్ షాయి అనే ఆయన సియాటెల్‌లో 1956లో, మా అమ్మ పుట్టిన ఏడే, ఒక పరిశోధన మొదలుపెట్టి, ఏడేళ్లకోసారి అవే మనుషుల్ని మళ్లీ మళ్లీ పరీక్షించాడు. దశాబ్దాల పాటు. తేలిందేమిటంటే, చురుకుదనం, వేగం ముందుగా తగ్గుతాయి. కానీ మాటల మీద పట్టు లాంటివి నడివయసులో పైకే పోతాయి, అరవై దాటాక గానీ చాలామందిలో చెప్పుకోదగ్గ తగ్గుదల రాదు. ఫోను మీటల్లో అమ్మ తడబడటం చూసి ఆమె లెక్కలు కూడా పోయాయనుకున్నాను. ఎకరం కౌలుకు ఎంత రావాలో, ఈ ఏడు పొగాకు రేటు ఎట్లా ఉండబోతుందో నన్ను అడిగితే తెలియదు. ఆమెను అడిగితే చెబుతుంది.

ఇప్పుడు నా కూతురి సంగతి. ఇది రాయడం నాకు ఇంకా కష్టం.

పదో తరగతి అయ్యాక దాన్ని హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్చాను. నెల్లూరులో నాలాంటి అమ్మానాన్నలు వేలమంది చేస్తున్నదే. తెల్లారి అయిదింటికి లేపుతారు, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. ఇంటికొస్తే కంచం కూడా తియ్యనివ్వను. "నువ్వు చదువుకో, నేను చూసుకుంటా." అమ్మతో అన్న మాటే, ఇంకో రూపంలో. దసరా సెలవుల్లో నేను బడి పని మీద బయట ఉన్నప్పుడు అమ్మకు షుగర్ డౌన్ అయింది. చెమటలు, కళ్లు తిరగడం. నా కూతురు నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది. "చక్కెర నోట్లో పెట్టు" అన్నాను. వంటింట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో దానికి తెలియదు. గ్లూకోజ్ ఫార్ములా తెలుసు, ఒంట్లో అది ఎలా అరుగుతుందో బొమ్మ గీసి చూపించగలదు. చివరికి అమ్మే వణుకుతూ "పొయ్యి పక్కన ఎర్రమూత డబ్బా బిడ్డా" అని చెప్పింది.

తప్పు పిల్లది కాదు. ఆ డబ్బా ఎక్కడుందో తెలియాల్సిన అవసరం 17 ఏళ్లలో నేను ఒక్కసారి కూడా రానివ్వలేదు. అది రాత్రంతా "నా వల్లే అవ్వకి ఏమైనా అయ్యుంటే" అని కుమిలిపోయింది. ఎరిక్సన్ చెప్పిన ఆ బడి ఈడు ప్రశ్న, నేను పనికొస్తానా లేదా అన్నది, మార్కులతో తేలిపోతుందనుకున్నాను. తేలలేదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: అయితే పిల్లల చేత చాకిరీ చేయించమంటావా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే ఆ చాకిరీ నేను చేశాను, చూశాను. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చే రోజుల్లో పచ్చాకును కర్రలకు కట్టేదాన్ని. తడి ఆకు చేతులకు తగిలి తల తిరిగి వాంతులయ్యేవి. అందులో నాకు ఎదుగుదల ఏమీ లేదు. మన పక్కనే మార్కాపురం పలకలకు పేరు. మా అమ్మ అ ఆలు దిద్దిన పలకా అక్కడిదే. ఆ పలకల పరిశ్రమలో పిల్లలు పనిచేసేవాళ్లు. 1988లో కేంద్రం బాలకార్మికుల కోసం ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న చోట్లలో మార్కాపురం ఒకటి. ఎక్కడో ఒక పిల్ల ఓనమాలు దిద్దుకోవడానికి ఇంకో పిల్ల రాతి దుమ్ము పీల్చింది. దాన్ని ఏ పేరుతోనూ సమర్థించలేను.

కానీ నా చిన్నతనంలో ఇంకో పని కూడా ఉంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, బడి సెలవుల్లో, కాలిన ఆకు గ్రేడింగ్ చేస్తూ అమ్మ ఒక చిన్న కుప్ప నా ముందు పెట్టింది. నిమ్మపండు రంగుది ఇటు, ఎర్రబడింది అటు, మచ్చలున్నది వెనక్కి. అనుమానం వస్తే అడగమంది. రెండు మూడుసార్లు అడిగాను. ఆ తర్వాత అడగలేదు. సాయంత్రానికి నేను వేరు చేసిన ఆకును మళ్లీ చూడకుండా బేలులో కలిపేసింది. కలిపింది చూసి నాకు గుండె దడ. గ్రేడు కలగాపులగమైతే రేటు పోతుందని నాకూ తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బేలు అమ్ముడుపోయింది. ఈ రెండు పనులూ ఒకే పొలంలోవి. ఒకదాంట్లో నా చేతులు కావాలి, నేను అక్కర్లేదు. రెండోదాంట్లో నా కన్ను, నా నిర్ణయం కావాలి, పక్కన అమ్మ ఉంది, బడి పోలేదు. వైగాట్‌స్కీ అనే మనస్తత్వవేత్త చెప్పింది ఇదే. ఇవాళ పెద్దవాళ్ల సాయంతో చేయగలిగింది రేపు ఒంటరిగా చేయగలరు. డీఎస్సీ పుస్తకంలో దీన్ని సామీప్య వికాస మండలం అని రాస్తారు. నాకు ఆ పేరు వింటే పొగాకు కుప్పే కనిపిస్తుంది.

నా మొదటి పోస్టింగు వెంకటగిరి వైపు. అప్పట్లో అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. చేనేత ఇళ్లలో చిన్నపిల్లలు సాయంత్రాలు కండెలు చుట్టేవాళ్లు, పెద్దవుతున్న కొద్దీ మగ్గం వైపు జరిగేవాళ్లు. నా తరగతిలో భాగహారం రాని ఒక పిల్లవాడు చీర మీద బుటా పువ్వుకూ పువ్వుకూ మధ్య ఎన్ని పోగులు వదలాలో నోటితో చెప్పేవాడు. ఆ పిల్లవాణ్ని నేను మొద్దు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది, ఏడో తరగతిలో బడి మానేశాడు.

పాతకాలమే బంగారం అని మాత్రం అనను. పని అప్పగించడంలోనూ మనం ఆడా మగా తేడా చూపించాం. నాకు తొమ్మిదేళ్లకు కుప్ప ఇచ్చిన అమ్మే, తమ్ముడికి పదిహేనేళ్లు వచ్చినా గ్లాసు కడగనివ్వలేదు. బీట్రిస్ వైటింగ్, జాన్ వైటింగ్ దంపతులు ఆరు దేశాల్లో పిల్లల్ని గమనించి 1975లో ఒక పుస్తకం తెచ్చారు. చంటిపిల్లల్ని చూసుకోవడం, ఇంటికి నిజంగా పనికొచ్చే పనులు చేయడం అలవాటైన కెన్యా, మెక్సికో, ఫిలిప్పీన్స్ ఊళ్ల పిల్లలు ఎదుటివాళ్లను ఆదుకోవడంలో ముందున్నారు. మన దేశం నుంచి తీసుకున్న ఖలాపూర్ అనే ఊరి పిల్లలు, అమెరికా పిల్లలతో పాటు రెండో గుంపులో ఉన్నారు. కెన్యాలోనే కేరొల్ ఎంబర్ చేసిన ఇంకో పరిశీలనలో, ఆడపిల్లల పని అనుకునే ఇంటిపని చేసిన మగపిల్లల్లో దూకుడు తక్కువ కనిపించింది. మగపిల్లవాణ్ని పనికి దూరంగా ఉంచడం వాడికి ముద్దు కాదు. మా తమ్ముడికి 42 ఏళ్లు. భార్యకు జ్వరం వస్తే ఇల్లంతా హోటల్ పార్సిళ్లే. వాడు మంచివాడు. మేమే వాణ్ని ఒకచోట ఆపేశాం.

ఇప్పుడు ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు చూస్తుంటే బాధేస్తుంది. ఫ్లెక్సీలు, స్టేజీలు, డ్రోన్ కెమెరాలు. పిల్ల పెద్దదైందని ఊరంతా చెబుతాం, మర్నాటి నుంచి ఒంటరిగా బస్సెక్కనివ్వం. అరవై నిండాయని దండలు వేస్తాం, మర్నాటి నుంచి బ్యాంకు పాసుబుక్కు తీసేసుకుంటాం.

మా ఇంట్లో ఏం మారిందంటే, కొంతే. కూతురు సెలవులకు వచ్చినప్పుడు అవ్వ మందులు, షుగర్ పరీక్ష దాని బాధ్యత. మొదటివారం రెండుసార్లు మర్చిపోయింది. నేను నోరు నొక్కుకున్నాను, అమ్మే దాన్ని కేకేసింది. సంక్రాంతికి చేపల పులుసు అమ్మ కూర్చుని చెబుతుంటే అది చేసింది. మామిడికాయ ముందే వేసేసి ముక్కలు చితికిపోయాయి. తిన్నాం. పింఛను డబ్బులు అమ్మ దగ్గరే ఉంటున్నాయి. కూరగాయలామెతో ఆమె బేరం చేస్తే నేను కిటికీలోంచి కూడా చూడను. ఇదంతా నాకు కష్టంగానే ఉంది. నేను చేస్తే పది నిమిషాల్లో అయ్యే పనికి వాళ్లు గంట తీసుకుంటారు, పొద్దున బడికి టైమైపోతుంటే చేతులు లాగేస్తాయి.

పొలం సంగతికొస్తే గొడవైంది. కౌలు తానే మాట్లాడుకుంటానంది అమ్మ. "ఈ వయసులో అమ్మను అంత దూరం పంపిస్తావా అక్కా?" అన్నాడు తమ్ముడు. వాడి భయం నాకూ ఉంది. నేనూ వస్తానన్నాను. "నువ్వొస్తే వాళ్లు నీతో మాట్లాడతారు, నాతో మాట్లాడరు" అంది.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేనూ నా కూతురూ బస్టాండుకు వెళ్లి దించాం. సంచిలో రెండు ఇడ్లీలు, నాలుగు చక్కెర పొట్లాలు పెట్టింది మనవరాలు. బస్సుల బోర్డులు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది అమ్మ, పెదాలు కదుపుతూ, అరుగు మీద దిద్దినట్టే. కలిగిరి బోర్డు దగ్గర ఆగింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి, సున్నా టికెట్ మడిచి కొంగున ముడేసుకుని కిటికీ పక్కన కూర్చుంది.

రెండింటి దాకా ఫోన్ లేదు. నేను మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. తమ్ముడు నాకు నాలుగుసార్లు చేశాడు. మూడున్నరకు తనే చేసింది. అన్నం తిన్నానంది. రేపొద్దున వస్తానంది. కౌలు ఎంతకు కుదిరిందని అడిగాను.

"వచ్చినాక చెబుతాలే" అని పెట్టేసింది.